షెహెరజాదే స్కోరుతో ఆర్కెస్ట్రేషన్ నేర్చుకోవడం: రిమ్‌స్కీ-కోర్సకోవ్ తన శిష్యులతో చేయించిన పద్ధతిలో

కీబోర్డు మీద బాణీ కట్టడం వచ్చు, కార్డులు వచ్చు, కానీ పెద్ద వాద్యబృందానికి రాయమంటే చెయ్యి ఆడడం లేదు, ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగేవారు ఈమధ్య ఎక్కువయ్యారు. వారిలో చాలామంది ఇప్పటికే రష్యన్ స్వరకర్త రిమ్‌స్కీ-కోర్సకోవ్ రాసిన ఆర్కెస్ట్రేషన్ (ఏ స్వరాన్ని ఏ వాయిద్యానికి ఇవ్వాలో తేల్చే విద్య) పాఠ్యగ్రంథాన్ని సంపాదించి, మొదటి 30 పేజీలు చదివి, ఆపేసినవారే. ఆ పుస్తకంతో మొదలుపెట్టడమే పొరపాటు అని నా అభిప్రాయం. ఆయన తన దగ్గరికి వచ్చినవారితో పుస్తకం చదివించడం కంటే పని చేయించడమే ఎక్కువ.

ఆ పని ఎలా ఉండేదో ఆయన శిష్యుడైన స్వరకర్త స్ట్రావిన్‌స్కీ తన ఆత్మకథలో చెప్పాడు. గురువు తాను అప్పుడే పూర్తిచేసిన 'పాన్ వొయెవోదా' ఒపేరాలోని కొన్ని పేజీలను పియానో రూపంలో చేతికిచ్చి వాద్యబృందానికి రాసుకు రమ్మనేవాడు. రాసి తెచ్చాక, అవే పేజీలకు తాను చేసిన ఆర్కెస్ట్రేషన్‌ను తీసి పక్కన పెట్టేవాడు. గురువు వేరేగా ఎందుకు చేశాడో చెప్పవలసిన బాధ్యత శిష్యుడిదే. ఈ వ్యాసమంతా ఆ ఒక్క కసరత్తును ఇంట్లో కూర్చుని, గురువు లేకుండా చేసుకోవడం గురించి. పాఠంగా 'షెహెరజాదే'ను తీసుకుంటున్నాను. ఇది 'అరేబియన్ నైట్స్' కథల స్ఫూర్తితో వాద్యబృందానికి ఆయన 1888లో రాసిన, నాలుగు భాగాల, సుమారు 45 నిమిషాల కృతి.

రోజుకు 40 నిమిషాల చొప్పున మూడు నెలలు పెట్టుకోండి. వారాంతంలో ఒకేసారి ఐదు గంటలు కూర్చుంటే చెవి అలసిపోయి, చివరి మూడు గంటలు వృథా అవుతాయి.

1. ముందుగా సమకూర్చుకోవలసినవి

ఈ కృతికి కాపీరైటు కాలం చాలా దేశాల్లో ఎప్పుడో ముగిసింది. పాత బెల్యాయెవ్ ప్రచురణ పూర్తి స్కోరు (వాయిద్యాలన్నిటి వరుసలూ ఉన్న నొటేషన్ పుస్తకం), నాలుగు చేతుల పియానో రూపం (ఇద్దరు కలిసి వాయించేది) రెండూ ఐఎంఎస్‌ఎల్‌పీ అనే ఆన్‌లైన్ గ్రంథాలయంలో ఉచితంగా దొరుకుతాయి. పియానో రూపాన్ని ఇప్పుడే దించుకోండి, కానీ తెరవకండి.

- పూర్తి స్కోరు, కాగితం మీద అచ్చు వేయించినది. ఫోను తెర మీద చదవడం ఈ పనికి పనికిరాదు. పేజీలోని వరుసలన్నీ ఒక్క చూపులో కనబడాలి.
- ఒకే రికార్డింగు. మూడు నెలలూ దాన్నే వినాలి. రోజుకొక కండక్టర్‌ను మారిస్తే, మీకు వినపడిన తేడా రచనదో వాయింపుదో తెలియదు.
- హెడ్‌ఫోన్లు, ఖాళీ స్టాఫ్ కాగితాలు, పెన్సిలు, రబ్బరు, నాలుగు రంగుల పెన్సిళ్లు.
- కీబోర్డు.
- స్టాఫ్ నొటేషన్ చదవడం. ట్రెబుల్, బాస్ క్లెఫ్‌లు తడుముకోకుండా వస్తే చాలు.

కర్ణాటక సంగీతం మాత్రమే నేర్చుకుని, నొటేషన్ ఇప్పుడే మొదలుపెట్టినవారు రెండు నెలలు దానికే కేటాయించి తర్వాత ఇక్కడికి రావడం మంచిది. ఆలస్యమైపోయిందని బెంగ వద్దు. ఈ గురువుగారే 1871లో సెయింట్ పీటర్స్‌బర్గ్ కన్సర్వేటరీలో ఆచార్యుడిగా చేరేనాటికి 27 ఏళ్ల నౌకాదళ అధికారి. శాస్త్రబద్ధమైన హార్మొనీ (కార్డుల అమరిక), కౌంటర్‌పాయింట్ (బాణీల అల్లిక) చదివినవాడు కాడు. విద్యార్థులకు తెలియకుండా వారికంటే ఒక పాఠం ముందు ఉండేలా చదువుకుంటూ నెట్టుకొచ్చాడు. తర్వాత ఒక్క వేసవిలో 60కి పైగా ఫ్యూగులు (ఒకే బాణీని గొంతులు ఒకదాని వెంట ఒకటి ఎత్తుకునే రచనలు) రాసి, వాటిలో పదింటిని స్వరకర్త చైకోవ్‌స్కీకి పంపాడు.

2. స్కోరు పేజీని చదవడం

పేజీ పైనుంచి కిందికి వరుస ఇలా ఉంటుంది: పికొలో, ఫ్లూట్లు, ఒబోలు, క్లారినెట్లు, బాసూన్లు, తర్వాత హార్న్‌లు నాలుగు, ట్రంపెట్లు రెండు, ట్రాంబోన్లు మూడు, ట్యూబా, తర్వాత టింపని, తక్కిన తాళవాద్యాలు, హార్ప్, అట్టడుగున తీగవాద్యాలు ఐదు వరుసల్లో. ఈ నాలుగు గుంపులకూ నాలుగు రంగులు ఎంచుకుని, మొదటి పది పేజీల అంచున గీతలు గీయండి. చిన్నపిల్లల పనిలా అనిపిస్తుంది కానీ, కన్ను వారంలో అలవాటు పడుతుంది.

అసలు చిక్కు ట్రాన్స్‌పోజింగ్ వాయిద్యాల దగ్గర వస్తుంది. వాటికి కాగితం మీద రాసిన స్వరం ఒకటి, వినపడే స్వరం మరొకటి. మన స్వరాల్లో చెప్పుకుంటే సులువు. రాసిన సి స్వరాన్ని మధ్యస్థాయి షడ్జం అనుకోండి.

- ఏ (A) క్లారినెట్: వినపడేది మంద్రస్థాయి చతుశ్రుతి ధైవతం.
- బి ఫ్లాట్ క్లారినెట్: వినపడేది మంద్రస్థాయి కైశికి నిషాదం.
- ఎఫ్ హార్న్, ఇంగ్లిష్ హార్న్: వినపడేది మంద్రస్థాయి శుద్ధ మధ్యమం.
- డబుల్ బాస్: ఒక స్థాయి కింద. పికొలో: ఒక స్థాయి పైన.

వయోలాకు ఆల్టో క్లెఫ్ వాడతారు. చెల్లో, బాసూన్ పైకి వెళ్లినప్పుడు టెనర్ క్లెఫ్‌లోకి మారతాయి. క్లారినెట్ వరుస పక్కన ఏ అని ఉందో బి ఫ్లాట్ అని ఉందో భాగం మారినప్పుడల్లా చూసుకోవాలి, ఎందుకంటే వాద్యకారుడు మధ్యలో వాయిద్యం మార్చుకుంటాడు. నేను మొదటిసారి దీన్ని పట్టించుకోకుండా ఒక పేజీని కీబోర్డు మీద వాయించి, అచ్చుతప్పు దొరికిందని రెండు రోజులు సంబరపడ్డాను.

ముందుకు వెళ్లే ముందు సరిచూసుకోండి:

- ఏ పేజీ తెరిచినా, ఏ నిలువు గీత దగ్గరైనా, అక్కడ మోగుతున్న కార్డును ఐదు నిమిషాల్లో కీబోర్డు మీద పట్టుకోగలుగుతున్నారా?
- రికార్డింగు నడుస్తుండగా పేజీ తప్పిపోకుండా మొదటి భాగం చివరిదాకా వెళ్లగలుగుతున్నారా?

రెండోది మొదట కుదరదు. తప్పిపోయినప్పుడు వెనక్కి వెళ్లకుండా, ఒంటరి వయొలిన్ మళ్లీ వినపడేదాకా ఆగి అక్కడ పట్టుకోండి. ఈ కృతిలో అదే మైలురాయి. ఒకటి, రెండు, నాలుగు భాగాల మొదట్లో అది వస్తుంది. మూడో భాగంలో మాత్రం మధ్యలో వస్తుంది.

3. మొదటి మూడు వినికిడులు

మొదటిసారి స్కోరు లేకుండా, కథ కూడా తెలుసుకోకుండా వినండి. ఓడ, రాకుమారుడు, బాగ్దాద్ ఉత్సవం అని భాగాలకు పేర్లు కనబడతాయి. రచయిత వాటిని పెట్టి, తర్వాత తీసేయించినవాడే. శ్రోతకు ఏవో తూర్పుదేశపు కథలు అన్న భావన కలిగితే చాలని, ప్రతి స్వరానికీ ఒక సంఘటనను అతికించవద్దని తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. మీరు నేర్చుకోబోయేది కథ కాదు కాబట్టి ఆ మాట మనకు మరింత వర్తిస్తుంది.

రెండోసారి స్కోరుతో వినండి. ఈసారి చూడవలసింది బాణీ ఎవరి దగ్గర ఉంది అన్నది ఒక్కటే. చేతులు మారిన ప్రతిచోటా పెన్సిలుతో చిన్న బాణం గుర్తు వేయండి.

మూడోసారి బాణీని వదిలేసి, మిగిలినవారు ఏం చేస్తున్నారో చూడండి. మొదటి భాగం ఆరంభంలో గంభీరంగా, ట్రాంబోన్లు, ట్యూబా, కిందిస్థాయి తీగవాద్యాలు కలిసి బిగ్గరగా పలికిన, సుల్తాన్‌దని చెప్పుకునే పల్లవినే కాసేపటికి వయొలిన్లు ఈ (E) మేజర్‌లో మెత్తగా ఎత్తుకుంటాయి. అప్పుడు చెల్లోలు కింద కార్డును విడదీసి పైకీ కిందికీ తిప్పుతూ ఉంటాయి. సముద్రమని మనకు అనిపించేది ఆ చెల్లోల వల్ల. బాణీ వేరే అన్నట్టు వినపడినా, స్వరాలు దాదాపు అవే. ఈ ఒక్క సంగతి మీ అంతట మీరు కనిపెట్టేదాకా నాలుగో అంచెకు వెళ్లకండి.

ఇక్కడ మనవారు తరచూ చేసే పని ఒకటుంది. బాణీ వినపడగానే ఇది ఏ రాగం అని వెతుకుతారు. పోలికలు దొరకవచ్చు, కానీ ఇక్కడ అది దారి తప్పిస్తుంది. శ్రుతి స్థిరంగా ఉండదు, ఒకే పల్లవి ఐదారు ఆధార షడ్జాల మీద తిరుగుతుంది. ఈ రచయితకు ఇష్టమైన ఒక స్వరవరుసను చూడండి: స రి₂ గ₂ మ₁ మ₂ ద₁ ద₂ ని₃. పంచమం లేదు, మధ్యమాలు రెండు, ధైవతాలు రెండు, మొత్తం ఎనిమిది స్వరాలు. మేళకర్తల పట్టికలో దానికి చోటు లేదు. ఒక స్వరం, అర స్వరం చొప్పున సమానంగా మెట్లు కట్టినందువల్ల ఏ మెట్టు ఇల్లో చెవికి తేలదు. 1867 నాటి తన వాద్యబృంద కృతి 'సద్కో'లో సముద్రగర్భంలోకి దిగేచోట అదే కావలసి వచ్చింది.

4. ప్రతి వాయిద్యం గొంతు తెలుసుకోవడం

ఎక్కువ సమయం పెట్టవలసిన అంచె ఇది. మూడు నెలల్లో ఒక నెల దీనికే ఇవ్వండి.

1873లో నౌకాదళ బ్యాండ్లకు ఇన్‌స్పెక్టర్‌గా నియమించినప్పుడు రిమ్‌స్కీ-కోర్సకోవ్ చేసిన మొదటి పని, ట్రాంబోన్, క్లారినెట్, ఫ్లూట్ లాంటివి తెప్పించుకుని వేళ్ల అమరిక స్వయంగా నేర్చుకోవడం. విద్వాంసుడు కావడం కోసం కాదు. ఏది సులువు, ఏది కష్టం అన్నది చేతికి తెలియడం కోసం. ఆ పదకొండేళ్ల ఉద్యోగం ఆయనకు ఏ కన్సర్వేటరీ ఇవ్వని చదువు ఇచ్చింది.

మనకు అన్ని వాయిద్యాలూ దొరకవు. దొరికినవాటితో ఇలా చేయండి.

ఒక వాయిద్యాన్ని తీసుకుని దాని మొత్తం పరిధిని మూడు ముక్కలుగా విడగొట్టండి: మంద్రం, మధ్యం, తారం. ఒక్కొక్క ముక్కలో ఆ గొంతు ఎలా ఉందో ఒక్క తెలుగు మాటలో రాసుకోండి. ఫ్లూట్ మంద్రం ఊపిరిలా బలహీనం, తారం మెరుపు. ఒబో మంద్రం బరువు, మొరటు. క్లారినెట్ మంద్రం చీకటి. రాసుకున్నాక షెహెరజాదేలో ఆ ముక్క వాడినచోటు వెతికి పేజీ సంఖ్య పక్కన వేయండి. ఇలా పదిహేను వాయిద్యాలకు చేస్తే మీ సొంత నిఘంటువు తయారవుతుంది.

ఆయన కూడా తన పుస్తకంలో ఇలాంటి మాటలే వాడాడు. ఫ్లూట్ స్వభావం చల్లనిదంటాడు. ఒబో మేజర్‌లో అమాయకమైన సంతోషం, మైనర్‌లో జాలి. బాసూన్ మేజర్‌లో ముసలితనపు వెటకారం, మైనర్‌లో జబ్బుమనిషి దిగులు. అన్నిటితోనూ ఏకీభవించనక్కరలేదు. కానీ రెండో భాగంలో బాసూన్ ఒంటరిగా ఎత్తుకునే బాణీ వినండి. దిగులూ వెటకారమూ రెండూ ఒకే గొంతులో ఉన్నాయి.

దగ్గర్లో వాయించేవారు ఎవరైనా ఉంటే ఒక్క గంట అడిగి తీసుకోండి. అడగవలసినవి ఇవి:

- ఊపిరి తీసుకోకుండా ఈ వాక్యం ఎంతదూరం వెళుతుంది?
- ఈ స్థాయిలో మెల్లగా మొదలుపెట్టడం సాధ్యమేనా?
- ఏ రెండు స్వరాల మధ్య వేగంగా తిరగడం ఇబ్బంది?
- ఎన్ని బార్లు వాయించాక విశ్రాంతి కావాలి?

ఇవి అడగకుండా రాస్తే ఏమవుతుందో నాకు తెలుసు. ఒకసారి రికార్డింగుకు ఫ్లూట్‌ను మంద్రంలో రాసి, పైన తీగవాద్యాలన్నిటినీ నిండుగా పెట్టాను. కంప్యూటర్‌లో వినపడింది, ఎందుకంటే ఫ్లూట్ వాల్యూమ్‌ను నేనే పెంచుకున్నాను. ఫ్లూట్ వాయించడానికి వచ్చిన పెద్దాయన రెండుసార్లు వాయించి, వాయిద్యం ఒళ్లో పెట్టుకుని, "మాస్టారూ, నేను ఊదుతున్నట్టు నాకే తెలియడం లేదండీ" అన్నాడు.

5. బలాబలాల లెక్క

ఇది లెక్కే; భావుకతకు చోటు లేదు. ఆయన పుస్తకంలో అన్నిటికంటే ముందు కంఠస్థం చేయవలసిన పేజీ ఇదే.

బిగ్గరగా వాయించేటప్పుడు:

- 1 ట్రంపెట్ = 1 ట్రాంబోన్ = 1 ట్యూబా = 2 హార్న్‌లు
- 1 హార్న్ = 2 ఫ్లూట్లు, లేదా 2 ఒబోలు, లేదా 2 క్లారినెట్లు, లేదా 2 బాసూన్లు
- మొదటి వయొలిన్లంతా కలిపి = కొయ్య గాలివాద్యాల్లో (ఫ్లూట్, ఒబో, క్లారినెట్, బాసూన్) 2

మెల్లగా వాయించేటప్పుడు ఈ తేడాలు చెరిగిపోతాయి. గాలివాద్యాలన్నీ ఇంచుమించు ఒకటికి ఒకటి సరిపోతాయి, ఒక్కొక్క తీగవాద్య బృందమూ ఒక కొయ్య వాద్యంతో తూగుతుంది.

ఉదాహరణకు ట్రంపెట్లు 2, ట్రాంబోన్లు 3, హార్న్‌లు 4 ఉన్నాయి. నిండైన కార్డు బిగ్గరగా కావాలి. తొమ్మిది మంది ఉన్నారు కదా అని తొమ్మిది స్వరాలు పంచితే, హార్న్‌ల నాలుగు స్వరాలూ మునిగి కార్డులో బొక్కలు పడతాయి. హార్న్‌లను జంటలుగా కట్టి ఒక్కొక్క జంటకు ఒక స్వరం ఇస్తే 2 + 3 + 2, మొత్తం ఏడు స్వరాలు సమానంగా నిలబడతాయి.

తీగవాద్యాల సంఖ్య కూడా లెక్కలోకి వస్తుంది. పెద్ద బృందమంటే ఆయన ఉద్దేశంలో మొదటి వయొలిన్లు 16, రెండో వయొలిన్లు 14, వయోలాలు 12, చెల్లోలు 10, డబుల్ బాస్‌లు 8 నుంచి 10. చిన్న బృందమంటే 8, 6, 4, 3, 2 లేదా 3. మీ బడ్జెట్‌లో వయొలిన్లు ఎనిమిదే అయితే పైన చెప్పిన సమీకరణాలను అందుకు తగ్గట్టు సవరించుకోవాలి.

కొయ్య గాలివాద్యాలకు కార్డు పంచేటప్పుడు మూడు అమరికలున్నాయి: ఒక జంట పైన మరో జంటను పేర్చడం, ఒక జంట స్వరాల మధ్యలో మరో జంట స్వరాన్ని అల్లడం, ఒక జంట మరో జంటను పైనా కిందా పట్టుకుని మధ్యలో ఇమడ్చడం. ఒక వారం పాటు రోజుకొక కార్డు షెహెరజాదేలో ఎంచుకుని ఇది ఏ అమరిక అని రాసుకుంటే చాలు.

6. కుదించడం

రెండో భాగం ఆరంభం తీసుకోండి. ఒంటరి వయొలిన్ వాక్యం ముగిశాక బాసూన్ ఎత్తుకునే చోటినుంచి, అదే బాణీ ఒబోకు, తర్వాత వయొలిన్లకు, ఆపైన కొయ్య గాలివాద్యాలకు చేతులు మారేదాకా. ఒకే బాణీకి నాలుగు వేషాలు కాబట్టి విద్యార్థికి ఇంతకంటే మంచి పాఠం ఈ కృతిలో లేదు.

వరుస ఇది:

- ముందు బాణీని ఒక్కదాన్నే, వినపడే శ్రుతిలో రాయండి.
- తర్వాత అట్టడుగు స్వరం.
- తర్వాత మధ్య కార్డులు.
- ఆ తర్వాత లయను మాత్రమే పట్టుకునే చిన్న చిన్న కదలికలు.
- చివర ఎవరెవరు ఒకే స్వరాన్ని కలిసి వాయిస్తున్నారో పక్కన చిన్న అక్షరాల్లో.

అంతా కలిపి రెండు చేతుల కీబోర్డు రూపానికి తేవాలి. ఒకటో అంచెలో పక్కన పెట్టిన పియానో రూపాన్ని ఇప్పుడు తెరిచి, మీ కుదింపుతో పోల్చుకోండి. ఏదైనా స్వరం మీది తప్పితే దాదాపు ఎప్పుడూ కారణం ఏ (A) క్లారినెట్టో, టెనర్ క్లెఫ్ఫో అయివుంటుంది.

7. మళ్లీ రాయడం

ఈ అంచెకు ముందు ఒక విరామం తప్పనిసరి. మూడో భాగంలో మీరు పెద్దగా పరిశీలించని పేజీలు ఎంచుకోండి. మధ్యలో స్నేర్ డ్రమ్ లయ మీద క్లారినెట్ బాణీ వచ్చే చోటు అనుకూలం. దాని పియానో రూపాన్ని మాత్రమే బల్ల మీద ఉంచి, స్కోరునూ రికార్డింగునూ రెండు వారాలు అలమారలో పెట్టి తాళం వేయండి. విన్న జ్ఞాపకం కొంత మిగులుతుంది, ఫర్వాలేదు. వివరాలు మరిచిపోతే చాలు.

తర్వాత 16 బార్లు వాద్యబృందానికి రాయండి. కంప్యూటర్‌లో కాదు, కాగితం మీద. సాఫ్ట్‌వేర్‌లో రాస్తే వెంటనే వినపడుతుంది, వినపడితే సర్దుతారు, సర్దితే లోపల వినే అలవాటు రాదు.

రాసే వరుస:

- బాణీ ఎవరికి, ఏ స్థాయిలో? కారణాన్ని అంచున ఒక్క వాక్యంలో రాయండి.
- కింది స్వరం ఎవరికి? నిలపడమా, మీటడమా?
- మధ్య కార్డులు ఒకే కుటుంబానికి ఇవ్వండి. మొదటి ప్రయత్నంలో కుటుంబాలను కలపవద్దు.
- ప్రతి ఒక్కరి వరుసనూ విడిగా పాడి చూడండి. పాడడానికి అర్థంలేని గెంతులుంటే స్వరాల నడక తప్పిందన్నమాట. మంచి ఆర్కెస్ట్రేషన్ అంటే మంచి స్వరాల నడకే అని ఆయన పదేపదే చెప్పింది ఇందుకే.
- చివర తాళవాద్యాలు. వీలైనంత తక్కువ.

8. పక్కన పెట్టి పోల్చడం

ఇప్పుడు గురువుగారి పేజీ తెరవాలి. ఎవరిది బాగుందని చూడడం కాదు ఇక్కడ పని. ఒక కాగితాన్ని నిలువుగా రెండు భాగాలు చేసి, ఎడమవైపు మీది, కుడివైపు ఆయనది పెట్టి, ఈ ప్రశ్నలకు జవాబులు రాయండి.

- బాణీ వాయిద్యం వేరైతే, ఆయన వాయిద్యం ఆ స్వరాల దగ్గర తన పరిధిలో ఏ ముక్కలో ఉంది?
- ఎంతమంది వాయిస్తున్నారు? మీ పేజీలో ఎంతమంది?
- బాణీకి పైనా కిందా ఎంత ఖాళీ వదిలాడు?
- ఏ వాయిద్యాన్ని అసలు వాడలేదు? దాన్ని మొదట ఎక్కడ వాడబోతున్నాడు?

చివరి ప్రశ్న అన్నిటికంటే విలువైనది. నాలుగో భాగంలో ఓడ బద్దలయ్యే చోట టామ్-టామ్ (వేలాడదీసిన పెద్ద కంచు పళ్లెం) దెబ్బ పడుతుంది. అప్పటికి సుమారు 40 నిమిషాల సంగీతం గడిచింది. ఆ వాద్యకారుడు అంతసేపూ చేతులు కట్టుకుని కూర్చున్నాడు. మనమైతే మొదటి భాగంలోనే రెండుసార్లు కొట్టించి ఉండేవాళ్లం.

ఒక పోలికను దగ్గరగా చూపిస్తాను. రెండో భాగంలో బాసూన్ బాణీ కింద ఉన్నది నాలుగు డబుల్ బాస్‌లు మాత్రమే, అవి కూడా మ్యూట్ (ధ్వనిని అణిచే చిన్న బిళ్ల) తగిలించి, కదలకుండా స్వరాలను నిలిపి పట్టుకుంటాయి. మనకు తంబూరా అలవాటు కాబట్టి వినగానే గుర్తుపడతాం. కాని నేను ఆ పేజీని మొదట నా చేతితో రాసినప్పుడు, తూర్పుదేశపు బాణీ అనగానే మన సినిమా అలవాటు కొద్దీ ఫ్లూట్‌కు ఇచ్చి, కింద వయోలాలు, చెల్లోలు నిండుగా పెట్టాను. వినడానికి తీయగానే ఉంది. ఎక్కడో విన్నట్టుగానూ ఉంది.

ఆయన పేజీలో ఏం జరిగిందో చూడండి. బాసూన్ తన మంద్రాన్ని వదిలి పైకి వచ్చి, కొంచెం గొంతు బిగించి పాడే స్థాయిలో ఉంది. తోడు స్వరాలు దానికి చాలా కింద ఉన్నాయి. మధ్యలో ఎవరూ లేరు. వయోలాలో చెల్లోలో ఆ ఖాళీలోకి వచ్చి ఉంటే, బాసూన్ స్వరాలకు సమానమైన ఎత్తులో నిలబడి దాని గొంతును మసకబార్చేవి. మొత్తం డబుల్ బాస్‌లు కాకుండా నలుగురే ఉండడం వల్ల, మ్యూట్ వల్ల, ఆ కింది స్వరం నేలలా ఉంది తప్ప మనిషిలా లేదు. తర్వాత ఒబో అదే బాణీని ఎత్తుకున్నప్పుడు తోడు కూడా మారుతుంది. వాయిద్యం మారింది కదా అని బాణీని మాత్రమే బదిలీ చేసి కింద అదే ఉంచడం ఆయన చేయలేదు.

ఈ రెండు పేరాలకు సరిపడా కారణాలు మీ పేజీ గురించి మీరు రాయగలిగిన రోజున, ఆ 16 బార్లు పూర్తయినట్టు.

9. తరచూ జరిగే తప్పులు, వాటి సవరణలు

అన్నిటినీ అన్నిటితో జోడించడం. ఫ్లూట్, ఒబో, క్లారినెట్, వయొలిన్ ఒకే బాణీని కలిసి వాయిస్తే నిండుగా ఉంటుందని అనుకుంటారు. నాలుగు గొంతులు కలిస్తే నాలుగింటి స్వభావమూ పోయి, పేరులేని రంగు ఒకటి మిగులుతుంది. సవరణ: బాణీని మొదటిసారి ఒక్క గొంతుకే ఇవ్వండి. జోడింపును శిఖరానికి దాచుకోండి.

తాళవాద్యాలతో ఉత్సాహం తెప్పించడం. తీగవాద్యాలను చెవి ఎక్కువసేపు భరిస్తుంది, కొయ్య వాద్యాలను అంతకంటే తక్కువ, ఇత్తడి వాద్యాలను ఇంకా తక్కువ. ట్రయాంగిల్, సింబల్స్ లాంటివి అన్నిటికంటే త్వరగా విసుగు తెప్పిస్తాయి. సవరణ: తాళవాద్యాలు లేకుండా ఆ పేజీ నిలబడకపోతే లోపం పేజీలోనే ఉంది. పైవరుసలను సరిచేయండి.

హార్ప్‌ను ఊరికే మోగించడం. షెహెరజాదేలో ఒంటరి వయొలిన్ పక్కన హార్ప్ ఎంత తక్కువ వాయిస్తుందో లెక్కపెట్టి చూడండి: ఒక కార్డు, ఆపైన నిశ్శబ్దం.

సాంపుల్ లైబ్రరీని (కంప్యూటర్‌లో వాడే, ముందే రికార్డు చేసిన వాయిద్యాల ధ్వనులను) నమ్మడం. అందులో ఒక్క ఫ్లూట్ ఆరు హార్న్‌లను గెలుస్తుంది. సవరణ: వాయిద్యాలన్నిటినీ ఒకసారి ఐదో అంచెలోని నిష్పత్తులకు సరిచేసి, ఆ తర్వాత వాల్యూమ్ మీటలను ముట్టుకోవద్దు.

విశ్రాంతి మరిచిపోవడం. ట్రంపెట్‌కు మూడు నిమిషాలు ఆగకుండా రాయకండి, పెదవులు మనిషివి.

ఒకే భాగం దగ్గర ఆగిపోవడం. మొదటి భాగంలోని సముద్రం అందరికీ నచ్చుతుంది, అక్కడే తిరుగుతారు. నాలుగో భాగంలో ఆ సముద్రమే ట్రాంబోన్ల గొంతుతో తిరిగి వస్తుంది. రెండు పేజీలనూ పక్కపక్కన పెట్టకపోతే మొదటిది సగమే చదివినట్టు.

10. ఆ తర్వాత

ఇప్పుడు ఆయన పాఠ్యగ్రంథం తెరవండి. 1873లో మొదలుపెట్టి, పక్కన పెట్టి, మళ్లీ అందుకుని, 1908లో చనిపోయేనాటికీ పూర్తిచేయని పుస్తకమిది. అల్లుడు మక్సిమిలియన్ స్టైన్‌బెర్గ్ దాన్ని సవరించి 1913లో అచ్చు వేయించాడు. అందులో ఉదాహరణలన్నీ ఆయన సొంత కృతుల్లోవే. అది బలమూ, పరిమితీ. మీ దగ్గర ఇప్పుడు సొంత నిఘంటువు ఉంది కాబట్టి, ఆయన మాటతో విభేదించడానికి మీకు ఆధారం ఉంటుంది.

తర్వాతి స్కోరుగా ఆయనదే 1887 నాటి 'కప్రిచియో ఎస్పన్యోల్' తీసుకోండి. చిన్నది, ప్రతి వాయిద్యానికీ ఒంటరిగా పాడే అవకాశం ఉన్నది. 16 బార్ల కసరత్తును అక్కడ 32 బార్లకు పెంచండి.

దాని తర్వాత ఒక భిన్నమైన పని చేయమంటాను. మరో రష్యన్ స్వరకర్త ముసోర్గ్‌స్కీ 1867లో రాసిన 'బట్టతల కొండ మీద రాత్రి' మూల స్కోరును, అతడు చనిపోయాక రిమ్‌స్కీ-కోర్సకోవ్ 1886లో తన పద్ధతిలో తిరగరాసిన స్కోరును పక్కపక్కన పెట్టండి. కచేరీల్లో ఎక్కువగా వినపడేది రెండోది. ఎనిమిదో అంచెలోని ప్రశ్నలే అడుగుతూ వెళ్లండి. కాకపోతే ఈసారి శిష్యుడి స్థానంలో ఉన్నది ముసోర్గ్‌స్కీ. గురువు ఎక్కడ ఖాళీ కల్పించాడు, ఎక్కడ బరువు తగ్గించాడు, ఎక్కడ స్వరాల నడకను నున్నగా చేశాడు అన్నది ఎర్ర పెన్సిలుతో గుర్తుపెట్టండి. ఆ తర్వాత నీలం పెన్సిలు తీసుకుని, ముసోర్గ్‌స్కీ పేజీ అలాగే ఉండవలసింది అని మీకు అనిపించిన చోట్లు గుర్తుపెట్టండి. నా ప్రతిలో నీలం గుర్తులు ప్రతిసారీ పెరుగుతున్నాయి.